ఏడుపు ముక్క

మేడమ్‌కి ముక్కు మీద కోపమని ఆ యూనివర్సిటీలో తెలియనివాళ్లు లేరు. విద్యార్థులు చాటుగా ఆమెను 'మిరపకాయ' అనేవారు. ఒకరోజు పాఠం మధ్యలో ఆమే ఆగి, "ఇంతకీ పచ్చిమిరపా, ఎండుమిరపా? తేల్చుకుని చెప్పండి, నేమ్‌ప్లేటు మీద రాయించుకుంటాను" అనేసరికి వెనక బెంచీలవాళ్లకు తలలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత చాటున కూడా ఆ పేరు కాస్త గౌరవంగానే పలికేవారు.

ఆమె మొదటి నుంచీ పాఠాలు చెప్పుకు బతికిన మనిషి కాదు. చాలా ఏళ్లు మానసిక ఆసుపత్రిలో, కోర్టులు పంపే ముద్దాయిలను పరీక్షించే వార్డులో పనిచేసింది. ఈ మనిషికి తాను చేసిందేమిటో తెలుసా, కోర్టులో జరిగేది అర్థమవుతుందా అని గంటల తరబడి మాట్లాడి చూసి, తన అభిప్రాయం జడ్జికి చెప్పడం ఆమె ఉద్యోగం. గోడకు తల బాదుకున్నవాళ్లను చూసింది, నవ్వుతూ నేరం చెప్పినవాళ్లను చూసింది, చేయని నేరాన్ని చేశానని ఏడ్చినవాళ్లనూ చూసింది. ముఖం చూసి అబద్ధం పట్టేస్తానని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర జేబు జాగ్రత్తగా పెట్టుకోవాలని అక్కడే నేర్చుకుంది. ఆ తర్వాత, నేర మనస్తత్వశాస్త్రాన్నీ న్యాయశాస్త్రాన్నీ కలిపి చెప్పే కోర్సుకు మనిషి కావాలంటే ఈ యూనివర్సిటీకి వచ్చింది.

ఆ కోర్సును మొదలుపెట్టింది పెద్దాయన. అందరూ ఆయన్ను అలాగే పిలిచేవారు. వెండి జుట్టు, మెత్తని గొంతు, ఇస్త్రీ చెదరని చొక్కా. పాఠ్యపుస్తకం ఆయన రాసిందే. పెద్ద కేసుల్లో పోలీసులు ఆయన్నే నిపుణుడిగా కోర్టుకు పిలిచేవారు. సాయంత్రం టీవీ పెడితే అక్కడా ఆయనే. ఆ ఏడు డీన్ ఒక పేపర్ని వాళ్లిద్దరికీ పంచాడు. మొదటి సగం పెద్దాయన చెప్పాలి, రెండో సగం మేడమ్ చెప్పాలి. చెప్పిందే మళ్లీ చెప్పకూడదు కదా అని ఆమె ఆయన క్లాసులకు వెళ్లి వెనక వరసలో కూర్చునేది.

ఆ రోజు హాలు కిటకిటలాడుతోంది. పక్క డిపార్ట్‌మెంట్ల నుంచి కూడా పిల్లలు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఏటా ఆ పాఠానికి అంత పేరుందట.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఏం జరిగింది?" అని పెద్దాయన అడిగాడు.

"భుజాలు తడుముకున్నాడు సార్!" అని హాలంతా అరిచింది.

"అంతే. మన శాస్త్రమంతా ఆ ఒక్క సామెతలో ఉంది. శరీరం అబద్ధం చెప్పదు. ఇప్పుడు భుజాలు ఎలా తడుముకుంటారో చూద్దాం."

లైట్లు ఆర్పారు. తెర మీద ఒక పోలీసు గది. బల్ల ఇవతల ఒక చెయ్యి మాత్రం కనిపిస్తోంది, అది ప్రశ్నలు వేసేవాడిది. బల్ల అవతల ఒక చిన్నవయసు ఆడమనిషి. పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాల్లో వేసుకునే ఏప్రాన్ ఇంకా ఒంటి మీదే ఉంది, దాని మీద గుడ్డ బాతులు కుట్టి ఉన్నాయి. జుట్టు ముడి ఊడిపోయింది. ఆమె ఏడుస్తోంది. "నేనే... నేనే చేసుంటాను... నేనే" అంటోంది.

పెద్దాయన అక్కడ బొమ్మ ఆపాడు. ఆమె నోరు సగం తెరుచుకుని, ముఖం వంకరపోయి ఆగిపోయింది.

"ఈవిడ చూసుకుంటున్న పసిబిడ్డ పోయింది. నోరు బిడ్డ కోసం ఏడుస్తోంది. కళ్లు ఎటు చూస్తున్నాయి? తలుపు వైపు! ఈ ఏడుపు బిడ్డ కోసం కాదు నాయనా, బయటపడ్డానికి. కోర్టులో ఈ మాట చెప్పింది నేనే." ఆయన తన ముఖాన్ని అలాగే వంకర పెట్టి, కళ్లు తలుపు వైపు తిప్పి చూపించాడు. పిల్లలు నవ్వారు. ఆ ముక్కను మళ్లీ నెమ్మదిగా నడిపించాడు. గొంతు సాగిపోయి "నే...నే..." అని బర్రె అరుపులా వినిపించింది. ఈసారి హాలు గొల్లుమంది.

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది. ఎప్పుడూ మాట్లాడని పిల్ల, బాగా చదివే పిల్ల. పుస్తకాలు అక్కడే వదిలేసి, తెర వెలుగు ముఖం మీద పడుతుండగా నడిచి బయటికి వెళ్లిపోయింది.

"నిజాన్ని చూడ్డానికి కొందరికి గుండె చాలదు" అన్నాడు పెద్దాయన. మళ్లీ నవ్వులు.

మేడమ్‌కి అప్పటికే ఒళ్లు మండుతోంది. ఆమె లేచి ఆ పిల్ల వెనకే వెళ్లింది. వరండా చివర వాష్‌బేసిన్ దగ్గర కుళాయి ధారగా వదిలేసి, అమ్మాయి దాని వైపే చూస్తూ నిలబడి ఉంది. ముఖం కడుక్కోవడం లేదు, ఏడవడమూ లేదు.

"ఒంట్లో బాగోలేదా అమ్మా?"

"బాగానే ఉంది మేడమ్."

"మరి?"

ఆ పిల్ల కుళాయి కట్టేసింది. "ఆ తలుపు అవతల ఉన్నది నేనే మేడమ్."

మేడమ్‌కి అర్థం కాలేదు.

"తెర మీద ఉన్నావిడ మా అమ్మ. తలుపు వైపు చూస్తోంది కదా, దానవతల బెంచీ మీద నన్ను కూర్చోబెట్టారు. అప్పటికి నేనింకా బడికి కూడా వెళ్లట్లేదు. అమ్మా అమ్మా అని ఒకటే అరుపు. నాకు గుర్తుంది. ఇంకేమీ గుర్తులేదు గానీ ఆ తలుపు రంగు కూడా గుర్తుంది."

మిగతాది మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఆ పసిబిడ్డ నిద్రలోనే పోయింది. చూసుకుంటున్న ఆయా ఒప్పుకుందని కింది కోర్టు శిక్ష వేసింది. తల్లి జైలుకు పోతే పిల్లని పిన్ని పెంచింది. కొన్నేళ్లకు పై కోర్టు ఫైలు మళ్లీ తిరగేసింది. పుట్టుకతోనే మెదడులో ఒక రక్తనాళం పలచబడి ఉందనీ, అది చిట్లి బిడ్డ పోయిందనీ, ఎవరి చెయ్యీ పడలేదనీ డాక్టర్లు తేల్చారు. ఆమె నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఇంటికొచ్చిన తల్లిని ఆ పిల్ల మొదటి రోజు 'ఆంటీ' అని పిలిచిందట.

"అందుకే ఈ కోర్సులో చేరాను మేడమ్. అప్పుడేం జరిగిందో అర్థం చేసుకుందామని. దీన్ని చూపిస్తారని తెలీదు. నవ్వుతారని అసలు తెలీదు."

మేడమ్ తిన్నగా పెద్దాయన గదికి వెళ్లింది. తలుపు తట్టింది గానీ రమ్మనేదాకా ఆగలేదు.

"ఆవిణ్ణి పై కోర్టు నిర్దోషి అంది. మీకు తెలుసా సార్?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. "తెలుసమ్మా. కూర్చో."

తెలియదంటాడేమోనని ఆమె ఎక్కడో ఆశపడింది. తెలుసు అన్నాక కూర్చోవడానికి కాళ్లు ఒప్పుకోలేదు.

"తెలిసీ ఏటేటా చూపిస్తున్నారా?"

"కోర్టు వదిలేసింది. వదిలేయడం వేరు, చేయకపోవడం వేరు."

"తీర్పు చదివారా?"

"చదవాల్సినంత చదివాను."

"సందేహం ఉంది కాబట్టి వదిలేస్తున్నామని లేదు దాంట్లో. హత్యే జరగలేదని ఉంది. జరగని హత్యకు నేరస్థురాలి ముఖం ఎలా ఉంటుందో మీరు పాఠం చెబుతున్నారు!"

పెద్దాయన నవ్వాడు. "నీకింకా ఆసుపత్రి వాసన పోలేదమ్మా. నీకు అందరూ రోగుల్లాగే కనిపిస్తారు."

"మీకు అందరూ దొంగల్లా కనిపిస్తున్నారు. రోగులైతే కనీసం మందిచ్చి పంపిస్తాం. ఆవిడ కూతురు మీ ముందు బెంచీలో కూర్చుంది సార్. ఇందాక గుండె చాలదన్నారే, ఆ పిల్ల."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, "అయితే ఆ అమ్మాయి ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో మేడమ్‌కి ఆ క్షణాన తెలిసింది. అక్కడుంటే బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ ఎక్కడికి ఎగురుతుందో తనకే తెలియదని బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు దడదడలాడాయి. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. లోకంలో సగం గొడవలు చెవులారా విన్నానని చెప్పుకునేది. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమే, ఇవాళ ఆ పళ్లెం నీకేం అన్యాయం చేసింది?"

మేడమ్ జరిగిందంతా చెప్పింది. గుమ్మడికాయల సామెతతో సహా చెప్పింది. అత్తగారు మూతి విరిచింది.

"భుజం తడుముకున్నవాడల్లా దొంగేనా? బూడిద గుమ్మడికాయల పక్కన నిలబడితే నేనైనా తడుముకుంటాను, బూడిద అంటుకుందేమోనని. అంత చదువుకున్నాయనకి ఆ మాత్రం తోచలేదా?"

"తోచనిచ్చుకోలేదు అత్తయ్యా. తోస్తే ఆయన పుస్తకం చింపుకోవాలి."

"అయితే నువ్వు చింపు. పళ్లేలు మాత్రం వదిలెయ్, సెట్టు చెడిపోతుంది."

డీన్‌కి గొడవలంటే భయం. కమిటీ అన్నాడు, కాఫీ తెప్పించాడు. ఎదురుగా పెద్దాయన, పక్కన ఇద్దరు ప్రొఫెసర్లు. అందరూ పెద్దాయన శిష్యులే. గంటసేపు మాట్లాడి ఒక పరిష్కారం కనిపెట్టారు. రికార్డింగులో ఆ ఆడమనిషి ముఖం మసకగా చేస్తారట. అమ్మాయికి కౌన్సెలింగ్ ఇప్పిస్తారట.

"ముఖం మసక చేస్తే అబద్ధం నిజమవుతుందా?" అంది మేడమ్. "తన్నినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తన్నులు తిన్నదానికి మందు రాస్తామంటున్నారు. ఆ పిల్లకి జబ్బేం లేదు. జబ్బు ఈ గదిలో ఉంది."

"కాస్త మెల్లగా మేడమ్" అన్నాడు డీన్.

"మెల్లగా చెబితే మీరు కాఫీ తాగుతున్నారు సార్."

కమిటీ లేచింది. మసక చేయాలని రాసుకుంది.

ఆ వారంలోనే అమ్మాయి తల్లి వచ్చింది. కూతురు ఇంట్లో చెప్పకుండా ఉండలేకపోయింది. మేడమ్ ఒక వాడిపోయిన మనిషిని ఊహించుకుంది. వచ్చినావిడ తలుపు తోసుకుని వచ్చి గది మధ్యలో నిలబడింది. కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తోందట. వేళ్ల చివర్లు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి.

"దాన్ని చెరిపేయమని మీరు గొడవ పడుతున్నారటగా?" అని అడిగింది.

"అవునండీ. చెరిపిస్తాను. అంతదాకా ఊరుకోను."

"ఎవరు చెరపమన్నారు మిమ్మల్ని?"

మేడమ్ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"నన్ను అడక్కుండా చూపించింది ఆయన. నన్ను అడక్కుండా చెరిపేది మీరు. ఎవరిష్టం వాళ్లదేనా? నా ముఖం మీ యూనివర్సిటీ సొత్తా?" ఆవిడ గొంతు పెంచలేదు, కానీ ఒక్కో మాటా మేకు దిగినట్టు దిగింది. "ఆయన చూపిస్తున్నది చిట్టచివర్లో ఏడ్చిన ముక్క. దానికి ముందు పొద్దున్నుంచీ నేను లేదు, కాదు, చేయలేదు అని చెబుతూనే ఉన్నాను. అది చూపించరేం? మా వకీలు దగ్గర మొత్తం ఉంది, కోర్టు నుంచి తీసుకున్నాడు. చూపిస్తే మొత్తం చూపించండి. నేనొచ్చి కూర్చుంటాను."

"మీకు కష్టంగా ఉంటుంది."

"పడిందాన్ని నేను. చూడ్డానికి మీకే కష్టం."

మేడమ్ లేచి కుర్చీ జరిపింది. అప్పుడు ఆవిడ కూర్చుంది.

రెండో సగం మేడమ్‌దే కాబట్టి, నేరం ఒప్పుకోవడాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే మొదటి పాఠంగా పెట్టుకుంది. రికార్డింగు మొత్తం చూపిస్తున్నానని నోటీసు అంటించింది. డీన్ ఫోను చేసి వద్దన్నాడు. "వద్దని రాసి పంపండి సార్, దాన్ని కూడా క్లాసులో చదివి వినిపిస్తాను" అంది. ఆయన రాసి పంపలేదు. పెద్దాయన్ను ఆమే స్వయంగా వెళ్లి పిలిచింది. రాకపోతే భయపడ్డాడంటారని కాబోలు, వచ్చి చివరి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

ముందు వరసలో తల్లీ కూతుళ్లు కూర్చున్నారు. మేడమ్ వాళ్లెవరో చెప్పింది. మొన్న గొల్లుమన్నవాళ్లంతా బెంచీల మీది గీతలు చూసుకున్నారు.

తెర మీద పొద్దుటి వెలుగు. అదే గది, అదే మనిషి. జుట్టు ఇంకా చక్కగా ఉంది. "బిడ్డ నిద్రపోతోందండీ, లేపుదామని వెళ్లాను" అని చెబుతోంది. నువ్వే చేశావన్నాడు ఆ చెయ్యి. కాదండీ అంది. మళ్లీ అడిగాడు. కాదండీ. బల్ల చరిచాడు. కాదండీ. ఒకడు పోయి ఇంకొకడు వచ్చాడు, వాడి చెయ్యి లావు. నీళ్లు అడిగితే ఒప్పుకున్నాక ఇస్తానన్నాడు. ఒక విద్యార్థి ఆమె ఎన్నిసార్లు కాదందో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో పెన్ను కింద పెట్టేశాడు. గంట మీద గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు. పక్క క్లాసువాళ్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, వాళ్లూ అక్కడే ఉండిపోయారు.

మధ్యాహ్నం దాటాక, తెరలో ఎక్కడో దూరంగా ఒక సన్నని అరుపు వినిపించింది. "అమ్మా!" తెర మీది మనిషి ఉలిక్కిపడి తలుపు వైపు తిరిగింది. లావు చెయ్యి వేలు చూపించింది. "విన్నావా? ఆ పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఒప్పుకున్నావనుకో, దాన్ని ఎత్తుకుని ఇంటికి పోవచ్చు. లేదా, రాత్రికి అనాథాశ్రమానికి పంపిస్తాం. నువ్వే తేల్చుకో."

ముందు బెంచీ అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుంది. తెర మీది మనిషి తలుపు వైపే చూస్తూ, "నేనే... నేనే చేసుంటాను" అని మొదలుపెట్టింది.

మేడమ్ లైట్లు వేసింది. ఎవరో ముక్కు చీదారు. మేడమ్ పాఠం రాసుకుని వచ్చింది గానీ ఆ కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి.

తల్లి లేచి వెనక్కి తిరిగింది. "సారూ" అని పిలిచింది. "నా కళ్లు ఎటు చూస్తున్నాయో కనిపెట్టారు. తలుపు అవతల ఎవరున్నారో కనుక్కోలేదేం?"

పెద్దాయన కాలు దించాడు. "ఇది క్లాసు. విచారణ కాదు."

"నన్ను విచారించినప్పుడు మీరు సాక్షి. నేనొక్క ప్రశ్న వేయడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు అడుగుతున్నాను."

"నాకు పోలీసులు పంపిన భాగంలో అది లేదు" అన్నాడు ఆయన విసుగ్గా.

అని నాలుక కరుచుకున్నాడు. కానీ హాల్లో సగంమంది లా చదివేవాళ్లే. మొన్న అందరికంటే గట్టిగా నవ్విన వెనక బెంచీ కుర్రాడు చెయ్యెత్తాడు.

"సార్, అంటే... మీరు మొత్తం చూడకుండానే కోర్టులో ప్రమాణం చేసి చెప్పారా?"

పెద్దాయన మేడమ్ వైపు చూశాడు, ఈ గొడవ ఆపమన్నట్టు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. "ప్రశ్న మిమ్మల్నే సార్" అంది.

ఆయన లేచి వెళ్లిపోయాడు. మెట్ల మీద కూర్చున్న పిల్లలు దారి ఇవ్వడానికి జరిగారు. రోజూ లేచి నిలబడేవాళ్లు ఆవేళ కూర్చునే జరిగారు.

ఆ మాట నాలుగు గోడల మధ్య ఆగలేదు. లా పిల్లల్లో కొందరి అన్నలూ బాబాయిలూ వకీళ్లు. తర్వాతి కేసులో పెద్దాయన బోనెక్కగానే ఎదుటి వకీలు వేసిన మొదటి ప్రశ్న, "రికార్డింగు మొత్తం చూశారా?" అని. ఆ తర్వాతి కేసులోనూ అదే. నాలుగు నెలలు తిరక్కుండా పోలీసులు ఆయన్ను పిలవడం మానేశారు. పాత కేసులు కొన్నింటిలో అర్జీలు పడ్డాయి. రికార్డింగు పాఠం కోర్సు నుంచి చడీచప్పుడు లేకుండా మాయమైంది. ఆయన మాత్రం తన గదిలోనే, తన కుర్చీలోనే ఉన్నాడు. క్షమాపణ మాట ఆయన నోట రాలేదు, యూనివర్సిటీ నోటా రాలేదు. మేడమ్‌కి మెమో వచ్చింది. ఆ పేపర్ ఆమె దగ్గర్నుంచి తీసేసి, మొదటి ఏడాదివాళ్లకు గణాంకాలు చెప్పమన్నారు. ఆమెకు గణాంకాలంటే చిరాకని అందరికీ తెలుసు.

ఒక సెలవు రోజున ఆమె కర్టెన్ల షాపుకు వెళ్లింది. లోపల మిషన్ల రొద. అమ్మాయి తల్లి పాదం ఆపకుండానే తలెత్తి చూసి, పక్కనున్న బట్టల మూట మీద కూర్చోమంది.

"ఆయన్ను కోర్టులు పిలవట్లేదు" అని చెప్పింది మేడమ్. "అమ్మాయి చెప్పే ఉంటుంది."

"చెప్పింది. నేను సంతోషించాలా?"

"తెలీదండీ."

మిషను ఆగింది. "అందరూ అంటారు, ఇక మరిచిపో, మనసులో పెట్టుకోకు, నీ ఆరోగ్యానికే మంచిది కాదు అని. మా చెల్లెలు కూడా అంటుంది. నా కూతురు నడక నేర్చుకోవడం చూశాను, బడికి నడవడం చూళ్లేదు. జడ వేయడం మా చెల్లెలు నేర్పింది దానికి. నా కోపం ఎందుకు పోవాలి మేడమ్? ఎక్కడికి పోవాలి? మీరు కూడా ఆ మాట అనడానికి వచ్చుంటే మాత్రం..."

"అననండీ" అంది మేడమ్. "నాకే తగ్గలేదు. రోజూ వరండాలో ఆయన ఎదురొస్తాడు. బాగున్నావా అమ్మా అంటాడు. రోజూ నా నోట్లోకి ఏదో ఒకటి వస్తుంది."

"అనేస్తారా?"

"సగం రోజులు అనేస్తాను."

ఆవిడ మొదటిసారి నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, పెదవి ఒక పక్క కదిలింది. మిషను మీదున్న గుడ్డ ఆ చివర బల్ల మీంచి జారి నేల మీద పడుతోంది.

"ఆ కొస కాస్త ఎత్తి పట్టుకోండి, కుట్టు వంకరపోతోంది" అంది.

మేడమ్ లేచి పట్టుకుంది. మిషను మళ్లీ కదిలింది.